ఆ ముఖాలు ఎవరి సొత్తు?

1860 నాటి అమెరికా జనాభా లెక్కల్లో దాదాపు 40 లక్షల మంది బానిసలున్నారు. వయసు రాశారు, ఆడో మగో రాశారు, ఒంటి రంగు రాశారు, యజమాని పేరు రాశారు. ఎక్కడో అరుదుగా తప్ప ఆ మనిషి పేరు రాయలేదు. బానిసత్వం రద్దయ్యాక 1870లో జరిగిన లెక్కల్లో గానీ వాళ్లలో అత్యధికులు సర్కారు కాగితం మీద పేరుతో కనిపించరు. ఇవాళ తాతముత్తాతల ఆనవాలు వెతుక్కుంటూ వెనక్కి వెళ్లే నల్లజాతి అమెరికన్లు ఆ ఏడాది దగ్గరికి రాగానే ఆగిపోతారు. వంశ చరిత్రలు కట్టేవాళ్లు దాన్ని ‘1870 గోడ’ అంటారు. కాగితాలు తగలబడో, చెదలు తినో లేచిన గోడ కాదది. రాసినవాళ్లకు ఆ పేర్లతో పని లేదు. అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి, పన్ను కట్టడానికి, బీమా చేయడానికి కావలసిన వివరాలన్నీ ఎంతో శ్రద్ధగా రాసుకున్నారు.

గత మూడు నాలుగు దశాబ్దాలుగా నల్లజాతి కళాకారులు, రచయితలు ఫొటోను, సినిమాను, కవిత్వాన్ని, కోర్టు తీర్పును, కంప్యూటర్ కోడ్‌ను కలిపి చేస్తున్న పని ఈ గోడ దగ్గరే మొదలవుతుంది. ఆ పనిని మెచ్చుకునేవాళ్లు సాధారణంగా ‘మరుగున పడ్డ చరిత్రను వెలికితీస్తున్నారు’ అంటారు. ఆ మెచ్చుకోలులో అసలు విషయం తప్పిపోతుంది. నల్లజాతీయుల గురించి రికార్డులు లేక కాదు. కొన్ని రకాలవి మితిమీరి ఉన్నాయి. ఓడల సరుకు జాబితాలున్నాయి, వేలం పట్టీలున్నాయి, పారిపోయినవాళ్లను పట్టిస్తే బహుమతి ఇస్తామన్న పత్రికా ప్రకటనలున్నాయి, జైలు ఫొటోలున్నాయి. లేనిది అధికారం. ఈ రికార్డు ఎవరు తయారుచేశారు, ఎవరి చేతిలో ఉంది, ఎవరిని అడిగి వాడుకోవాలి, వాడొద్దు అనే హక్కు ఎవరికి ఉంది? ఈ కళలో నిలబడిన కృతులు ఈ ప్రశ్నలు వేసినవే. మరిన్ని బొమ్మలు, మరింత డేటా పోగేస్తే అన్యాయం తీరిపోతుందన్న నమ్మకం చాలామందికి ఉంది. సాక్ష్యం మాత్రం అటు వైపు లేదు.

అమెరికాలో బానిసలను తీసిన తొలి ఫొటోల్లో కొన్ని 1850 మార్చి నాటివి. స్విట్జర్లాండ్ నుంచి వచ్చి హార్వర్డ్‌లో స్థిరపడిన ప్రకృతి శాస్త్రవేత్త లూయీ అగసీ, మానవ జాతులు ఒకే మూలం నుంచి రాలేదని, వేర్వేరుగా పుట్టాయని నమ్మేవాడు. ఆ సిద్ధాంతానికి కంటికి కనిపించే రుజువు కావలసి వచ్చింది. దక్షిణ కరోలినాలోని కొలంబియా పట్టణం చుట్టుపక్కల నుంచి ఏడుగురు బానిసలను ఎంపిక చేసి, జోసెఫ్ జీలీ అనే ఫొటోగ్రాఫర్ స్టూడియోలో బట్టలు విప్పించి నిలబెట్టారు. రెంటీ, డెలియా, జాక్, డ్రానా, జెమ్, ఆల్‌ఫ్రెడ్, ఫసీనా. డెలియా రెంటీ కూతురు. డ్రానా జాక్ కూతురు. వెండి పూత పూసిన రాగి పలక మీద బొమ్మ దించే డాగెరోటైప్ పద్ధతి అప్పటికి కొత్త. అందులో నెగెటివ్ ఉండదు, ఒక్కో పలక ఒక్కటే ప్రతి. బొమ్మ పడేదాకా మనిషి కదలకూడదు. తండ్రులనూ కూతుళ్లనూ అలా కదలకుండా నిలబెట్టి తీసిన ఆ పలకలు, సిద్ధాంతం అబద్ధమని తేలిపోయాక కూడా, హార్వర్డ్‌లోని పీబడీ మ్యూజియం అటక మీద ఉండిపోయాయి. 1976లో అక్కడి సిబ్బంది ఒకరి కంటపడ్డాయి. అప్పటి నుంచి అవి విశ్వవిద్యాలయం ఆస్తిగా, అనుమతి తీసుకుని వాడుకోవలసిన వస్తువుగా చలామణి అయ్యాయి.

1995లో లాస్ ఏంజెలిస్‌లోని గెటీ మ్యూజియం తొలినాటి ఫొటోల్లోని నల్లజాతీయుల మీద ఒక ప్రదర్శన పెట్టి, దానికి స్పందనగా ఒక కృతి చేయమని నల్లజాతి కళాకారిణి క్యారీ మే వీమ్స్‌ను కోరింది. ఆమె జీలీ తీసిన వాటితో పాటు పందొమ్మిదో, ఇరవయ్యో శతాబ్దాల్లో నల్లజాతీయులను తీసిన ఎన్నో ఫొటోలను తీసుకుని, మళ్లీ ఫొటో తీసి, పెద్దవి చేసి, చాలావాటికి రక్తం లాంటి ఎర్రని రంగు పట్టించింది. వాటిని గుండ్రని నల్లని చట్రంలో బిగించింది, కెమెరా కంటిలోంచి చూస్తున్నట్టు. పైన అద్దం మీద అక్షరాలు చెక్కించింది. ఆ మాటలు ఫొటోలోని మనిషి గురించి మనకు చెప్పవు. ‘నిన్ను ఇలా చేశారు’ అంటూ సూటిగా ఆ మనిషితోనే మాట్లాడతాయి. 33 చిత్రాల ఆ వరుస పేరుకు అర్థం, ఇక్కడి నుంచి జరిగింది చూశాను, ఏడ్చాను అని. అగసీ ఆ ఏడుగురినీ ఒక జాతికి మచ్చుతునకలుగా చూశాడు; వీమ్స్ వాళ్లకు ఒక చుట్టాన్ని ఇచ్చింది. అనుమతి పత్రంలోని షరతు మీరిందని హార్వర్డ్ కోర్టుకు వెళ్తానన్నదని, చట్టం దృష్టిలో తన వాదన నిలవకపోవచ్చు గానీ నైతికంగా నిలుస్తుంది, ఆ సంగతి బహిరంగంగా కోర్టులోనే తేల్చుకుందామని తాను బదులిచ్చానని వీమ్స్ తర్వాత చెప్పింది. కేసు వేయలేదు. చివరికి ఆ కృతిలో కొంత భాగాన్ని హార్వర్డ్ తానే కొనుక్కుంది. ఒక ఫొటోను తిరిగి వాడుకోవడం అనే చిన్న పని, ఆస్తి హక్కు అన్న మాట పునాదినే ప్రశ్నించింది.

కెమెరాను మొదట పట్టుకున్నవాళ్లే దాని ఉపయోగాన్ని శాశ్వతంగా నిర్ణయించలేకపోయారు. ఇది కొత్త తరం కనిపెట్టిన సంగతీ కాదు. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చి మహావక్త అయిన ఫ్రెడరిక్ డగ్లస్ దాదాపు 160 ఫొటోలు తీయించుకున్నాడు. పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో అన్ని ఫొటోలు ఇంకెవరివీ లేవని పరిశోధకులు తేల్చారు. నల్లవాళ్లను వెకిలిగా గీసే బొమ్మల కాలంలో ప్రతిసారీ చక్కగా ముస్తాబై, నవ్వకుండా కూర్చోవడం అతని పోరాటంలో భాగం. సోజర్నర్ ట్రూత్ చేసింది ఇంకా పదునైన పని. చదవడం రాయడం రాని ఆమె, ఒకప్పటి బానిస, తన ఫొటో కార్డులను అచ్చు వేయించి అమ్ముకుని జీవనం గడిపింది. 1864లో వాటిపై కాపీరైటును ఫొటోగ్రాఫర్ పేరున కాక తన పేరునే నమోదు చేయించుకుంది. ఒకప్పుడు తన శరీరాన్నే ఇతరులు కొని అమ్మిన మనిషి, ఆ శరీరం బొమ్మ మీద హక్కును చట్టబద్ధంగా తన చేతిలోకి తెచ్చుకుంది. ఈ రంగంలో ఇవాళ జరుగుతున్న ప్రతి వాదనకూ ఆ చిన్న కార్డులో మొదలుంది.

1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనకు నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ తీసుకువెళ్లిన సరంజామా కూడా అదే కోవలోది. అట్లాంటా విశ్వవిద్యాలయ విద్యార్థులతో కలిసి చేత్తో గీసి రంగులు నింపిన 60 దాకా గణాంక పటాలు, 363 ఫొటోల ఆల్బములు. జార్జియాలో నల్లజాతీయుల భూమి, ఆస్తి, చదువు, వృత్తులు ఎలా పెరిగాయో ఆ పటాలు చూపించాయి. ఇప్పుడు చూసినా వాటి వంపులు, రంగుల పొందిక కొత్తగా ఉంటాయి. గణాంకం అప్పటికి నల్లజాతిని లోపంగా, సమస్యగా లెక్కగట్టే పనిముట్టు. అదే పనిముట్టును డుబోయిస్ ఆ లెక్కను సవాలు చేయడానికి వాడాడు. మరో పాతికేళ్లకు, ప్యూర్టోరికో నుంచి వచ్చిన ఆర్టురో షోంబర్గ్ జీవితమంతా సేకరించిన పుస్తకాలు, రాతప్రతులు, చిత్రాలను 1926లో 10,000 డాలర్లకు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ తీసుకుంది. హార్లెమ్‌లో అతని పేరుతో ఉన్న కేంద్రం నల్లజాతీయులు తామే కట్టుకున్న ఆర్కైవ్. సేకరించినవాళ్లు, సర్దినవాళ్లు, చదివినవాళ్లు ఎక్కువగా వాళ్లే కావడంతో అక్కడ జాబితాల్లోని పేర్లు కూడా వేరుగా ఉంటాయి.

అయితే షోంబర్గ్ లాంటివాళ్లు ఎంత వెతికినా దొరకనివి ఉన్నాయి. అక్కడ కళాకారులు కల్పనకు దిగుతారు, అక్కడే చరిత్రకారుల నుంచి బలమైన అభ్యంతరం వస్తుంది: లేనిదాన్ని కల్పిస్తే చరిత్రకు, కట్టుకథకు తేడా ఏముంటుంది? దీన్ని తేలిగ్గా తీసేయకూడదు. 1781లో జోంగ్ అనే బ్రిటిష్ ఓడ నుంచి 130 మందికి పైగా ఆఫ్రికన్లను సముద్రంలోకి విసిరేశారు. నీళ్లు తక్కువయ్యాయని, సరుకు నష్టపోయామని చెప్పి యజమానులు బీమా సొమ్ము అడిగారు. 1783లో లండన్ కోర్టులో నడిచినది హత్య కేసు కాదు, బీమా కేసు. మనకు మిగిలిన ప్రధాన పత్రం ఆ వ్యాజ్యం నివేదిక. టొబాగోలో పుట్టి, కెనడాలో న్యాయవాదిగా పనిచేసి, కవిగా మారిన ఎం. నోర్బెసె ఫిలిప్ 2008లో ‘జోంగ్!’ పుస్తకాన్ని ఆ నివేదికలోని మాటలతోనే నిర్మించింది. మాటలను ముక్కలు చేసి, అక్షరాలను విడదీసి, కాగితం మీద నీళ్లలో తేలుతున్నట్టు చెదరగొట్టింది. మొదటి భాగంలో పుటల అడుగున కొన్ని పేర్లు అచ్చువేసింది. పేరే నమోదు కాని మనుషులకు ఆమె పెట్టిన పేర్లవి. అవి కల్పితాలే. కానీ మనిషిని సరుకుగా రాసిన కోర్టు నివేదిక వాస్తవమనీ, ఆ మనిషికి ఒక పేరుండేదన్న కవి మాట కల్పన అనీ కొట్టిపారేస్తే, ఎవరి అబద్ధాన్ని మనం వాస్తవంగా అలవాటు చేసుకున్నామో కాస్త ఆలోచించాలి.

అదే ఏడాది పరిశోధకురాలు సైదియా హార్ట్‌మన్ ఈ పద్ధతికి ఒక సిద్ధాంత రూపం ఇచ్చింది. రికార్డు మౌనంగా ఉన్నచోట ‘ఇలా జరిగి ఉండవచ్చు’ అని ఊహిస్తూనే, ఆ ఊహ ఎక్కడ ఆగాలో కూడా పాఠకుడికి చూపించే పద్ధతి అది. కల్పన నిజాయితీకి అదే గీటురాయి అని నా నమ్మకం. షెరిల్ డున్యె 1996లో తీసిన ‘ది వాటర్‌మెలన్ వుమన్’ సినిమాలో ఒక యువతి 1930ల నాటి నల్లజాతి నటి ఫే రిచర్డ్స్ కోసం వెతుకుతుంది. ఆ నటి ఫొటోలు అచ్చం పాత ఆల్బంలోవిలా ఉంటాయి. వాటిని జోయీ లెనర్డ్ ఈ సినిమా కోసమే తయారుచేసింది. చివర్లో తెర మీద సినిమా తానే ఒప్పుకుంటుంది, ఫే రిచర్డ్స్ అనే మనిషి లేదని. అలాంటి నటీమణులు ఎందరో ఉండి, వాళ్ల ఆల్బమ్‌లను ఎవరూ దాచలేదు కాబట్టి ఒకదాన్ని తయారుచేయవలసి వచ్చింది. ఇప్పుడు ఒక్క వాక్యం టైపు చేస్తే కృత్రిమ మేధ వందేళ్ల నాటిదనిపించే ఫొటోను క్షణాల్లో ఇస్తోంది. కాబట్టి చరిత్రకారుల భయం నిన్నటికంటే ఇవాళ ఎక్కువ నిజం. కల్పన అని చెప్పకుండా వదిలిన నకిలీ ఫొటో, అసలు ఫొటోల మీద కూడా నమ్మకం చెడగొడుతుంది. అందుకే డున్యె చివరి ప్రకటన ఒక నియమంగా నిలవాలి.

మరో అభ్యంతరం నల్లజాతి మేధావుల్లోంచే వచ్చింది. అవమానకరమైన ఫొటోను విమర్శించడానికైనా మళ్లీ చూపిస్తే, ఆ అవమానం మళ్లీ జరిగినట్టే కదా? హార్ట్‌మన్ తన 1997 నాటి పుస్తకంలో డగ్లస్ ఆత్మకథలోని కొరడా దెబ్బల ఘట్టాన్ని ఉదహరించడానికి నిరాకరించింది; అలాంటి దృశ్యాలను పదేపదే చెప్పుకోవడం వల్ల చదువరి మనసు మొద్దుబారుతుందని ఆమె వాదన. ఈ వాదనకు పూర్తి జవాబు లేదు. వీమ్స్ ఎర్రరంగు, అద్దం మీది మాటలు చూసేవాడి తీరును మార్చిన మాట నిజం. కానీ డెలియా ఒంటిమీద బట్ట లేకుండా మ్యూజియం గోడ మీద ఉండటాన్ని అవి మాన్పలేవు. చూపించాలా వద్దా అన్నది కళాకారులు, మ్యూజియంలు మాత్రమే తేల్చుకునే విషయం కాదు. డెలియా తరఫున మాట్లాడగలవాళ్లు ఎవరన్నది ముందు తేలాలి. ఈ అభ్యంతరం మన వాదనను బలహీనపరచదు. అది కూడా అధికారం దగ్గరికే వచ్చి ఆగుతుంది.

సాంకేతికత విషయంలో ఇదే వాదన మరింత స్పష్టంగా కనిపిస్తుంది. రంగుల ఫిల్ము రోజుల్లో ల్యాబులు రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ పంపిన నమూనా ఫొటోను ‘షర్లీ కార్డు’ అనేవాళ్లు. అందులో ఉండేది తెల్లజాతి స్త్రీ. ఆమె చర్మం బాగా వస్తే ఫిల్ము బాగున్నట్టు. నల్లవాళ్ల ముఖాలు గ్రూపు ఫొటోల్లో కళ్లు, పళ్లు తప్ప కనిపించకుండా పోయేవి. తల్లిదండ్రులు గొణుక్కున్నా కంపెనీ కదల్లేదని, చాక్లెట్, చెక్క సామాను తయారీదారులు తమ సరుకు ఛాయలు సరిగా రావడం లేదని ఫిర్యాదు చేశాక ముదురు రంగుల మీద పని మొదలైందని పరిశోధకురాలు లోర్నా రాత్ నమోదు చేసింది. ఇక్కడిదాకా వింటే, నల్లజాతిని బాగా చూడగల కెమెరా వస్తే సమస్య తీరినట్టే అనిపిస్తుంది. పోలరాయిడ్ కథ అక్కడ అడ్డం పడుతుంది. ఆ కంపెనీ గుర్తింపు కార్డుల కెమెరా దక్షిణాఫ్రికాలో నల్లజాతీయులను అడుగడుగునా ఆపి తనిఖీ చేసే పాస్ పుస్తకాల ఫొటోలకు పనికొస్తోందని 1970లో కంపెనీ ఉద్యోగులే, కరోలైన్ హంటర్, కెన్ విలియమ్స్, కనిపెట్టారు. ఇద్దరూ నల్లజాతీయులు. ఉద్యమం లేపారు, ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 1977లో పోలరాయిడ్ దక్షిణాఫ్రికా నుంచి వైదొలిగింది. ఆడమ్ బ్రూమ్‌బర్గ్, ఆలివర్ చానరిన్ అనే కళాకారులు తర్వాత అదే కెమెరాతో దక్షిణాఫ్రికాలో ఫొటోలు తీసి ప్రదర్శించారు. ఫ్లాష్ వెలుగును పెంచే దాని బొత్తం నల్లని ముఖాల కోసమే అన్నట్టు పనికొచ్చిందని వాళ్ల వాదన. అక్కడ నల్లని ముఖం స్పష్టంగా కనిపించింది. కనిపించడం వల్లే పట్టుబడింది.

దీన్ని గుర్తుంచుకుని కంప్యూటర్ శాస్త్రవేత్త జాయ్ బ్యులామ్‌విని పని చూడాలి. ఆమె ఎమ్‌ఐటీలో ఒక కళాత్మక ప్రాజెక్టు చేస్తుండగా ముఖాన్ని గుర్తించే సాఫ్ట్‌వేర్ తన ముఖాన్ని పట్టలేకపోయింది. తెల్లని మాస్కు పెట్టుకుంటే పట్టింది. 2018లో టిమ్నిట్ గెబ్రుతో కలిసి మూడు కంపెనీల వ్యవస్థలను, మూడు ఆఫ్రికా దేశాల, మూడు ఐరోపా దేశాల చట్టసభ సభ్యుల 1,270 ఫొటోల మీద పరీక్షించింది. ఆడా మగా తేల్చడంలో తెల్లని పురుషుల విషయంలో పొరపాటు 0.8 శాతం మించలేదు. నల్లని స్త్రీల విషయంలో 34.7 శాతం దాకా వెళ్లింది. అంతటితో ఆగకుండా ఆమె తన కవితనే ఒక చిన్న వీడియోగా తీసింది. అందులో మిషెల్ ఒబామా, సెరెనా విలియమ్స్ ఫొటోలతో పాటు, 1864లో తన బొమ్మపై హక్కు రాయించుకున్న సోజర్నర్ ట్రూత్ ఫొటోను కూడా ఈ యంత్రాల ముందు పెట్టింది. అవి తడబడ్డాయి. శాతాలు పట్టికలో చదివి మరిచిపోయేవాళ్లకు ఆ తడబాటు మనసులో నాటుకుంటుంది. కళ ఇక్కడ శాస్త్రానికి అలంకారం కాదు; సాక్ష్యాన్ని వినిపించే గొంతు.

ఇంజినీర్ల వైపు నుంచి ఒక సహేతుకమైన మాట వస్తుంది: ఇది డేటా లోపం, అన్ని రంగుల ముఖాలూ సమపాళ్లలో పెడితే సరిపోతుంది. ఐబీఎం ఆ దారినే పట్టింది. 2019లో ముఖాల వైవిధ్యం పేరుతో దాదాపు 10 లక్షల ఫొటోల నిధిని విడుదల చేసింది. అవి ఫ్లికర్ సైట్‌లో జనం పెట్టుకున్న ఫొటోలు. వాటిలో ఉన్నవాళ్లను ఎవరూ అడగలేదు. ఆ విషయం బయటపడి గొడవైంది. మరుసటి ఏడాది ఆ కంపెనీ ముఖ గుర్తింపు వ్యాపారం నుంచే తప్పుకుంది. 2020 జనవరిలో డెట్రాయిట్ పోలీసులు ఒక నల్లజాతీయుడిని, యంత్రం తప్పుగా గుర్తించిన కారణంగా, భార్యాబిడ్డల ముందే అరెస్టు చేశారు. యంత్రం సరిగ్గా ఉంటే ఆయన తప్పించుకునేవాడే. ఆ ఒక్క మనిషి విషయంలో ఇంజినీర్ల మాట నిజం. కానీ ఏ తప్పూ చేయనివాళ్ల ముఖాలను కూడా పోలీసులు దాచుకోవడం సబబా అన్న ప్రశ్నకు కచ్చితత్వం జవాబు చెప్పదు. పాస్ పుస్తకం ఫొటో ఎంత కచ్చితంగా ఉంటే దక్షిణాఫ్రికా నల్లజాతీయుడికి అంత ముప్పు.

కళాకారిణి స్టెఫనీ డింకిన్స్ అందుకే వేరే దారి పట్టింది. 2014 నుంచి ఆమె బీనా48 అనే, ఒక నల్లజాతి స్త్రీ పోలికలతో చేసిన రోబోతో సంభాషణలు చేసి వీడియోలుగా తీస్తోంది. నల్లగా ఉన్న ఆ రోబో నల్లజాతి జీవితం గురించి అడిగితే సరైన మాట చెప్పలేకపోవడం ఆమెను కదిలించింది. ముఖం ఒకరిది, మాటలు ఇంకొకరివి. 2018లో డింకిన్స్ తన కుటుంబంలోని మూడు తరాల స్త్రీల మౌఖిక చరిత్రలను మాత్రమే తిండిగా పెట్టి, అడిగితే బదులిచ్చే ఒక శిల్పాన్ని తయారుచేసింది. ఇంటర్నెట్ నిండా ఉన్న ఉచిత డేటాను కావాలనే పక్కన పెట్టింది. డేటా తక్కువ కావడంతో శిల్పం కొన్నిసార్లు పొంతన లేని మాటలు చెబుతుంది, అడిగిందే మళ్లీ అంటుంది. వ్యాపార దృష్టితో చూస్తే అది విఫలం. కానీ దాని ప్రతి మాటకూ మూలం ఎవరో తెలుసు, వాళ్లు ఒప్పుకున్నారని తెలుసు, కావాలంటే తీసేయవచ్చు. పెద్ద కంపెనీల నమూనాల్లో ఒక్కటి కూడా ఈ మూడు మాటలు చెప్పలేదు. ఇదే కాలంలో మరో కళాకారిణి మిమి ఒనూహా ఫైళ్ల ఇనుప బీరువాలో ఖాళీ ఫైళ్లు వరుసగా పేర్చింది. ఒక్కో ఫైలు మీద ఎవరూ సేకరించని సమాచారం పేరు. పోలీసులు, బ్యాంకులు ప్రతి అడుగూ నమోదు చేసే సమాజంలో, వాళ్లను జవాబుదారీ చేసే లెక్కలు మాత్రం ఎలా ‘దొరక్కుండా’ ఉంటాయో ఆ ఖాళీ ఫైళ్లు చూపిస్తాయి.

తెలుగు నేలకు ఈ చర్చతో నేరుగా సంబంధం ఉంది. హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ బస్తీకి ఆ పేరు నిజాం సైన్యంలోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చింది. ఆ సైనికుల వారసులైన సిద్దీ కుటుంబాలు ఇప్పటికీ నగరంలో ఉన్నాయి. పెళ్లి ఊరేగింపుల్లో మోగే మర్ఫాలో వాళ్ల చెయ్యి ఉంది. హార్లెమ్‌లోని షోంబర్గ్ కేంద్రం 2013లో భారతదేశంలోని ఆఫ్రికన్ల చరిత్ర మీద ప్రత్యేక ప్రదర్శన పెట్టింది. దక్కను చరిత్రలోని ఆ భాగాన్ని మనకంటే ముందు న్యూయార్క్ ఆర్కైవ్ తన చరిత్రగా గుర్తించింది. అగసీ తరహా కొలతల శాస్త్రం కూడా మన దాకా వచ్చింది. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ తలలూ ముక్కులూ కొలిచి, ఫొటోలు జోడించి 1909లో వెలువరించిన ఏడు సంపుటాల్లో తెలుగు కులాలు, తెగలు ఎన్నో ఉన్నాయి. పోలీసుల ముఖ గుర్తింపు మీద సవాలు 2022లో తెలంగాణ హైకోర్టు ముందుకు వచ్చింది. కాబట్టి బ్యులామ్‌విని, డింకిన్స్ వేస్తున్న ప్రశ్నలు ఇక్కడ అరువు తెచ్చుకున్నవి కావు.

చివరి అభ్యంతరం నిలదీసినట్టు ఉంటుంది: ఇవన్నీ గ్యాలరీల్లో, ధనవంతుల సేకరణల్లో ఉండే వస్తువులు, వీటివల్ల ఎవరి జీవితం మారింది? మార్కెట్ ఈ కళను మింగే ప్రమాదం ఉన్నమాట నిజమే. అయినా కళాకారుడు ఫ్రెడ్ విల్సన్ 1992లో బాల్టిమోర్‌లోని మేరీలాండ్ హిస్టారికల్ సొసైటీలో చేసిన పని చూడండి. బయటి నుంచి ఏమీ తేలేదు. వాళ్ల గోదాములోనే ఉన్న బానిస సంకెళ్లను తీసి, మెరిసే వెండి పాత్రల పక్కన, ‘లోహపు పని’ అన్న ఒకే చీటీ కింద పెట్టాడు. ఆ వెండి ఎవరి శ్రమతో వచ్చిందో అంతకంటే చెప్పనక్కర్లేదు. మ్యూజియంలు తమ గోదాములను, చీటీలను తిరిగి చదువుకోవడం ఆ ప్రదర్శన తర్వాత వృత్తిలో ఒక అలవాటుగా మారింది. ఇక రెంటీ ఫొటోల సంగతి కోర్టు దాకా వెళ్లింది. కనెటికట్‌కు చెందిన టమారా లానియర్ తాను రెంటీ వారసురాలినని, తల్లి చెప్పిన ‘పాపా రెంటీ’ కథలు వింటూ పెరిగానని చెప్పి 2019లో హార్వర్డ్ మీద దావా వేసింది. అగసీ వారసులు 43 మంది ఆమెకు మద్దతుగా లేఖ రాశారు. బంధుత్వానికి రుజువు ఏదని విశ్వవిద్యాలయం అడిగింది. బానిసల పేర్లు రాయని దేశం, వాళ్ల వారసురాలిని కాగితం చూపించమంది. 2022లో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం ఫొటోల మీద ఆస్తి హక్కు ఆమెకు రాదని చెబుతూనే, ఆమె పట్ల విశ్వవిద్యాలయం ప్రవర్తించిన తీరు కలిగించిన మనోవేదనకు దావా నడపవచ్చని తీర్పు ఇచ్చింది. పాతికేళ్ల ముందు వీమ్స్ చెప్పిన నైతిక వాదనలో కొంత భాగం అలా చట్టంలోకి వచ్చింది. 2025 మేలో రాజీ కుదిరింది. హార్వర్డ్ ఆ ఏడుగురి పలకలను చార్ల్‌స్టన్‌లోని ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియానికి వదులుకోవడానికి ఒప్పుకుంది. 2023లో తెరిచిన ఆ మ్యూజియం, ఆఫ్రికన్లను ఓడల నుంచి దించిన గాడ్స్‌డెన్ రేవు మీదే ఉంది.

ఇది గెలుపే, కానీ సగం గెలుపు. రాజీ పలకలను ఒక మ్యూజియం నుంచి మరో మ్యూజియానికే పంపింది. ఫొటోల మీద ఆస్తి హక్కు గురించి చట్టం చెప్పిన మాట మారలేదు. వాటి డిజిటల్ నకళ్లు పుస్తకాల్లో, వెబ్‌సైట్లలో లెక్కలేనన్ని ఉన్నాయి. వాటిని ఏ యంత్రానికి శిక్షణగా వాడుకున్నా అడిగేవాళ్లు లేరు, రాజీ ఒప్పందం అక్కడిదాకా చేరదు. బలవంతంగా తీసిన బొమ్మకైనా, గొంతుకైనా, కొలతకైనా వారసుల సమ్మతి లేకుండా నకలు తీయకూడదని, ఆ వారసత్వానికి కుటుంబంలో నోటి మాటగా వచ్చిన సాక్ష్యం కూడా చెల్లుతుందని చట్టం ఒప్పుకోవాలి. విశ్వవిద్యాలయాలు, కంపెనీలు ఆ పని తమంతట తాము చేస్తాయేమోనని ఎదురుచూశారు. 1976 నుంచి 2025 దాకా చూసింది చాలు.